ఇనుపరాయి దిమ్మెలు

అణు ఇంధనం అనే మాట మా కాంక్రీటు యార్డులో మొదటిసారి వినిపించినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నవ్వక ఏం చేయను? అప్పటిదాకా మేం పోసినవి బావి ఒరలు, కరెంటు స్తంభాలు, మిరపతోటల చుట్టూ పాతే కంచె స్తంభాలు. రోడ్డు కింద వేసే తూముల పని దొరికిన రోజున మా షావుకారు గారు యార్డంతా మైసూరుపాకు పంచారు. అలాంటి చోటికి ఎవరో వచ్చి, ఎక్కడో దూరాన కడుతున్న అణు ఇంధన కర్మాగారానికి గోడ దిమ్మెలు మీరే పోయాలంటే, ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

ఆట కాదు, దానికి కారణం ఉంది. ఆ కర్మాగారంలో కొన్ని గదుల్లో కిరణాలు వెదజల్లే సరుకు ఉంటుందట. ఆ కిరణాల్ని గది దాటనివ్వకుండా ఆపాలంటే గోడ మందంగా ఉంటే చాలదు, బరువుగా కూడా ఉండాలి. మామూలు కంకర బదులు ఇనుపరాయి కొట్టి వేస్తేనే ఆ బరువు వస్తుంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఇనుపరాయి దొరుకుతుంది, సిమెంటు ఫ్యాక్టరీలు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాయి, యార్డు ముందే హైవే. పెద్ద కాంట్రాక్టరు ఒకాయన ఇవన్నీ చూసుకుని మా షావుకారు గారికి ఆ పని అప్పజెప్పాడు.

నేను ఆ యార్డులో క్వాలిటీ చూసేదాన్ని. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన ఆడపిల్లకి తొంభైల చివర్లో నందిగామలో దొరికే ఉద్యోగం పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పడం ఒక్కటే. అది నా వల్ల కాలేదు, నా కోపానికి పిల్లలు రెండో రోజు నుంచి రావడం మానేశారు. అందుకని రోజూ పొద్దున్నే నందిగామ బస్టాండులో బస్సెక్కి, ఎనిమిదింటికి చిల్లకల్లు దగ్గర దిగి, యార్డుకి వెళ్లి, కాంక్రీటు మీద కోపం చూపించేదాన్ని. కాంక్రీటు పారిపోదు కదా.

నా కోపాన్ని కొంచెం కూడా లెక్కచేయని మనిషి అక్కడ ఒక్కడే, మా మేస్త్రి. వత్సవాయి అవతల పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్లాలి కాబట్టి ఆ రోజు ఏం చేసినా పనికి రాడు, మిగతా ఆరు రోజులూ అందరికంటే ముందు వస్తాడు. కాంక్రీటు పోసేటప్పుడు గాలి బుడగలు పోయేలా లోపల వైబ్రేటర్ పెట్టి అదమాలి. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. నేను అరుస్తుంటే నవ్వి, "అమ్మాయిగారు కోపంగా ఉన్న రోజున పోసిన స్తంభాలు బాగా గట్టిపడతాయండి," అనేవాడు. ఆ మాటకి ఇంకా కోపం వచ్చేది.

మొదటి దిమ్మె పోయడానికి ముందు భద్రత చూసే ఆవిడ వచ్చారు. ఆవిడ కట్టేవాళ్ల మనిషి కాదు, కట్టించుకునేవాళ్ల మనిషీ కాదు. ఆ ఇద్దరూ ఎక్కడైనా పొరపడతారేమోనని చూడటానికే ఉన్న మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. నేత చీర, కాళ్లకి కాన్వాసు బూట్లు, తల మీద హెల్మెట్టు. యార్డులో అందరూ మేడం అనేవాళ్లు. నేను ఆఫీసు గది బల్ల మీద డ్రాయింగులు పరిచి, నాకన్నీ అర్థమైనట్టు మొహం పెట్టి నిలబడ్డాను. నిజానికి ఒక్కటి అర్థం కాలేదు. దిమ్మెకీ దిమ్మెకీ మధ్య అతుకు తిన్నగా లేదు, మెట్లు మెట్లుగా ఉంది. అలాంటి అచ్చు బిగించడం పెద్ద తలనొప్పి.

"ఇది తిన్నగా పెట్టేస్తే పోదా అండి?" అన్నాను.

"తిన్నగా ఉంటే కిరణం కూడా తిన్నగా బయటికొచ్చేస్తుందమ్మా. అది మలుపు తిరిగి రాలేదు," అన్నారావిడ.

అంత చిన్న మాట. కానీ నాకు ఆ గీతలు అప్పుడు కనపడ్డాయి. అంతకుముందు కనపడినవి కొలతలే. ఇంకో కాగితం తీసి, ఈ గోడ వెనక మళ్లీ ఇంకో ఏర్పాటు ఎందుకని అడిగాను. ఈ గోడ పోసినవాళ్లు ఎక్కడో ఒకచోట పొరపడి ఉంటారని ముందే అనుకుని గీశారు అన్నారు. నాకు చుర్రుమంది. "మేం పొరపడమండి," అన్నాను. ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. "ఆ మాట అననివాళ్లని నేనింతవరకూ చూళ్లేదమ్మా. అందుకే రెండోది," అన్నారు.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ అదే ఆలోచించాను. భూకంపం వస్తే, వరద వస్తే, కరెంటు పోతే, ఇవన్నీ సరే. మనిషి మరిచిపోతే, మనిషి మొహమాటపడితే, మనిషి నిద్రపోతే, అని కూడా ఎవరో కూర్చుని ఆలోచించి, దానికి కూడా గోడ కట్టడమేమిటి? మనుషుల్ని ఇంత అనుమానించడం నాకు అవమానంగా తోచింది. నందిగామ చేరకముందే హైవే మీద బస్సు ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. అంతసేపట్లో ఆ అవమానం పోయి దాని చోట ఏదో భయంలాంటి గౌరవం వచ్చింది. అంత జాగ్రత్తని నేను అంతకుముందు దేవుడి విషయంలో కూడా చూడలేదు.

పనికి ఒక పద్ధతి పెట్టారు. ఇనుప రాడ్లు కట్టాక ఆగాలి. అచ్చు పలకలు బిగించాక ఆగాలి. ఆవిడ చూసి సంతకం పెడితేనే ముందుకు కదలాలి. ఎంత పెద్దవాడు చెప్పినా, లారీలు లైనులో ఎదురుచూస్తున్నా సరే, ఆ సంతకం లేనిదే ఒక తట్ట కాంక్రీటు పడదు. షావుకారు గారికి ఇది మింగుడు పడలేదు. "ఇది నా యార్డా, ఆవిడ యార్డా?" అని నా దగ్గర విసుక్కున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. తాత నాటి నుంచి జగ్గయ్యపేటలో వ్యాపారం చేసిన ఇల్లు, మాటంటే మాటే. అయితే ఆయన యార్డులో ఆయన చేతిని ఆపే మనిషి అంతకుముందు పుట్టలేదు.

మొదటి దిమ్మెకి అచ్చు అంతా చూసి సాయంత్రం ఆవిడ సంతకం పెట్టారు. మర్నాడు ఎనిమిదింటికి పోత. తెల్లవారుజామున మంచి ముహూర్తం ఉందని షావుకారు గారు పంతులు గారిని పిలిపించి పూజ చేయించుకున్నారు. నేను బస్సు దిగి వచ్చేసరికి అచ్చు పలకకి పసుపు, కుంకుమ, కింద కొట్టిన కొబ్బరికాయ. నాకో చిప్ప పెట్టారు, తిన్నాను. మేడం కూడా ప్రసాదం కళ్లకద్దుకున్నారు. పోత మొదలైంది. మేస్త్రి వైబ్రేటర్ పట్టుకుని సాయంత్రం దాకా దిగలేదు. ఇనుపరాయి కాంక్రీటు మామూలుది కాదు, తట్ట ఎత్తిన ప్రతి మనిషీ తిట్టుకుంటూ ఎత్తాడు.

నెల తిరిగాక దిమ్మెకి పరీక్ష పెట్టారు. ఆ రోజుని నేను మరిచిపోలేను. చుట్టూ తాడు కట్టి, ఎర్ర జెండాలు పాతి, మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. దిమ్మెకి ఒక పక్క సీసంతో చేసిన చిన్న డబ్బా, అందులో కిరణాలు వచ్చే వస్తువు. రెండో పక్క కిరణాలు తగిలితే పలికే పెట్టె. డబ్బా మూత తెరవగానే ఆ పెట్టె టిక్కు... టిక్కు... అని ఆగి ఆగి పలకడం మొదలుపెట్టింది. మూర కంటే ఎక్కువ మందం ఉన్న ఇనుపరాయి కాంక్రీటు అది. క్రేను దాన్ని ఎత్తితే నేల అదిరేది. అలాంటిదాన్ని దాటుకుని ఏదో వస్తోంది. చాలా కొంచెమే, ఉండాల్సినంతే, కానీ వస్తోంది. దానికి రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. మా అందరిలో దాన్ని వింటున్నది ఆ పెట్టె ఒక్కటే. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. చేతులు జోడించబోయి, ఎవరికో తెలియక దించేశాను.

పెట్టెని కొంచెం కొంచెంగా జరుపుతూ దిమ్మె అంతా చూస్తున్నారు. మధ్యకి వచ్చేసరికి టిక్కులు గబగబా పలికాయి. వెనక్కి జరిపితే మెల్లబడ్డాయి. మళ్లీ అక్కడికి తెస్తే మళ్లీ అదే తొందర. మేడం ఆ చోట సుద్దముక్కతో గుండ్రం గీశారు. పిడికిలంత గుండ్రం.

"లోపల గుల్ల ఉంది," అన్నారు.

అందరి కళ్లూ ఒకేసారి మేస్త్రి మీదికి వెళ్లాయి. కాంక్రీటులో గుల్ల ఉందంటే వైబ్రేటర్ సరిగ్గా పెట్టలేదనే అర్థం. వైబ్రేటర్ పట్టుకున్నది ఆయనొక్కడే.

"నా పరువు తీశావు మేస్త్రీ," అన్నారు షావుకారు గారు. గట్టిగా అనలేదు, అందుకే ఇంకా ఘోరంగా వినపడింది. మేస్త్రి తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు కోదాడ వైపు నుంచి వేరే ముఠాని మాట్లాడమని మనిషిని పంపించారు. మేస్త్రిని స్తంభాలకి నీళ్లు కొట్టే పనిలో పెట్టారు. అంటే పొమ్మనలేక పొగబెట్టడమే. మా వైపు చెయ్యి మంచిదన్న పేరు ఉంటేనే మేస్త్రికి పని. అణు ఫ్యాక్టరీ దిమ్మెని గుల్ల చేసినవాడు అన్న మాట ఒక్కసారి చుట్టుపక్కల ఊళ్లలో పడిందంటే, గొడ్ల చావిడి గోడ కట్టడానికి కూడా ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూసి ఊరుకోలేకపోయాను.

"ఏమైంది బాబాయ్? ఎక్కడ తప్పింది?" అని వెళ్లి అడిగాను.

"ఏం చెప్పనండి."

"మీ చెయ్యి తప్పిందా లేదా, అది చెప్పండి."

"నా చెయ్యి తప్పలేదండి. అంతకుమించి అడక్కండి అమ్మాయిగారు," అన్నాడు. ఇంకేదో ఉందని అర్థమైంది. అదేమిటో మాత్రం ఎంత అరిచినా ఆయన నోటి నుంచి రాలేదు. మొండి మనిషి అని తిట్టుకుంటూ వచ్చేశాను.

కాంట్రాక్టరు వచ్చి సులువైన దారి చూపించాడు. ఆ దిమ్మె పక్కన పారేసి ఇంకోటి పోద్దాం, గొడవ వదిలిపోతుంది అన్నాడు. షావుకారు గారు వెంటనే ఒప్పుకున్నారు. నేనూ మనసులో ఒప్పుకున్నాను. మేడం ఒప్పుకోలేదు.

"దిమ్మె పారేస్తే గుల్ల పోతుందండి. అది ఎందుకొచ్చిందో మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. రేపు ఇంకో దిమ్మెలోకి వెళ్తుంది. దాన్ని నేను పట్టుకోలేకపోవచ్చు," అన్నారు.

సుద్ద గుండ్రం గీసిన చోట గొట్టంలాంటి కట్టర్ పెట్టి కోశారు. ఇనుపరాయి కదా, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి గానీ లోతు దిగలేదు. బయటికి తీసిన కాంక్రీటు ముక్క రోకలి బండలా ఉంది. మధ్యలో విరిగింది. విరిగిన చోట చిన్న తొర్ర, ఆ తొర్రలో ఎర్రటి గుడ్డ పీలిక. గుడ్డలో మెత్తగా పిండైపోయిన గింజలు, వాటి మధ్య నల్లబడిన వెండి బిళ్ల.

గుడ్డ మొదట ఎరుపు కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలుసు. సిమెంటులో ఉన్న సున్నం ఆ పసుపు గుడ్డని పారాణి రంగు చేసేసింది. శంకుస్థాపన రోజున ఇంటి పునాదిలో వేస్తారే, నవధాన్యాల మూట, అదే అది.

షావుకారు గారు అక్కడున్న సిమెంటు బస్తా మీద కూలబడిపోయారు.

"నేనే వేశానండి. ఇంత చిన్నది. ఈశాన్యం మూలన, అడుగున, రాడ్ల సందులోంచి వదిలాను. మధ్యకి ఎట్లా వచ్చిందండి ఇది?" అన్నారు. ఆయన గొంతులో అబద్ధం లేదు. నిజంగానే ఆయనకి తోచలేదు. నాకు అప్పుడు తట్టింది. కాంక్రీటు అంత బరువైనది, మూట తేలిక. వైబ్రేటర్ ఆడుతున్నంతసేపూ అది మెల్లగా పైకి తేలి, కాంక్రీటు బిగిసేవేళకి ఎక్కడుందో అక్కడ ఆగిపోయింది. మేస్త్రి ఎంత బాగా అదిమితే అంత పైకి వచ్చింది.

నాకు మేస్త్రిని కౌగిలించుకోవాలన్నంత సంతోషం వేసింది. ఇక షావుకారు గారి పని అయిపోయింది, పనిని రద్దు చేస్తారు అనుకున్నాను. అందరం అదే అనుకున్నాం. మేడం మాత్రం అందరినీ అక్కడే కూర్చోమన్నారు. షావుకారు గారు, కాంట్రాక్టరు, మేస్త్రి, నేను, తట్టలు మోసే ఆడవాళ్లు, అందరం బస్తాల మీద, తిరగేసిన తట్టల మీద కూర్చున్నాం. ఆవిడ కూడా ఒక బస్తా మీద కూర్చున్నారు.

"నాకు తప్పెవరిదో అక్కర్లేదండి. నేను సంతకం పెట్టిన తర్వాత, పోత మొదలయ్యేముందు, ఒక వస్తువు లోపలికి వెళ్లింది. ఎట్లా వెళ్లగలిగింది? అది చెప్పండి చాలు," అన్నారు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"నేను చూశానండి. పక్కనే ఉన్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"అది వాళ్ల దేవుడి పనండి. నేను చర్చికెళ్లే మనిషిని. వద్దండీ అని నేనంటే, పని చెడుతుందని అన్నాననుకుంటారా? మా పూజకి ఇతనెవడు అడ్డం అనుకుంటారు. ఎవరి నమ్మకం వాళ్లదని ఊరుకున్నానండి. గుల్ల పడ్డాక కూడా అందుకే చెప్పలేదు. పూజ మీద నింద వేసినట్టవుతుంది."

నేను తల దించుకున్నాను. ఆయన మొండితనం అనుకున్నది మర్యాద. తన అన్నం పోతున్నా సరే, ఇంకొకరి దేవుడి మీద వేలు పెట్టకూడదన్న మర్యాద. మా ఊళ్లు ఇన్నాళ్లు గొడవ లేకుండా బతికింది ఆ మర్యాద మీదే. అదే మర్యాద దిమ్మెలో గుల్లయింది. ఇంత మంచి గుణం ఇంత ప్రమాదం తెస్తుందని నాకు అప్పటిదాకా ఊహలో లేదు.

షావుకారు గారు మేస్త్రి వంక చూసి, "నువ్వు చెప్పినా నేను తీసేవాణ్ణి కాదు మేస్త్రీ. కోప్పడేవాణ్ణి. ఉన్నమాట చెప్తున్నా," అన్నారు.

"ఈ మాట కోసమేనండి నేను కూర్చున్నది," అన్నారు మేడం. ఆవిడ మొహంలో గెలిచిన కళ లేదు. దిగులు ఉంది.

పని రద్దు కాలేదు. నెల రోజులు ఆగింది. డ్రాయింగులు గీసిన ఇంజనీర్లు ఇద్దరు హైదరాబాదు నుంచి దిగి, అచ్చు చుట్టూ తిరిగి, ఆ తొర్రలో వేలు పెట్టి చూసుకున్నారు. పద్ధతి మార్చారు. సంతకం పెట్టాక అచ్చు మీద మూత వేసి సీలు వేయాలి, పోత మొదలయ్యే క్షణాన మళ్లీ చూడాలి. పూజ వద్దనలేదు. అచ్చుకి ఎదురుగా విడిగా ఒక చిన్న దిమ్మె పోసి, మూట, నాణెం, ఏం వేసుకోవాలన్నా అందులో వేసుకోమన్నారు. షావుకారు గారు దాన్ని కూడా ఇనుపరాయితోనే పోయించి, పద్ధతిలో రాసి ఉంది కాబట్టి దీనికీ సంతకం పెట్టమని మేడం దగ్గర పట్టుబట్టారు. ఆవిడ పెట్టారు! ఆ రోజు యార్డంతా నవ్వాం, ఆవిడతో సహా.

ఇంకొక నియమం కూడా పెట్టారు. పోత దగ్గర ఉన్న ఎవరైనా సరే, నీళ్లు మోసే మనిషైనా, చెయ్యెత్తి ఆపండి అంటే ఆగిపోవాలి. ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఇది విని కాంట్రాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. షావుకారు గారు సరేనన్నారు గానీ, అది సరే అన్నట్టు లేదు.

మేస్త్రి మళ్లీ వైబ్రేటర్ పట్టుకున్నాడు. దిమ్మెలు ఒకదాని తర్వాత ఒకటి పోస్తున్నాం, అన్నీ పరీక్షలో నిలబడుతున్నాయి. నేను గర్వంగా, "చూశారా మేడం, ఇంతవరకు ఒక్కరూ ఆపలేదు," అన్నాను.

"అదే నా భయమమ్మా. ఏమీ లేక ఆపట్లేదో, నోరు రాక ఆపట్లేదో నాకు తెలీదు," అన్నారు. నాకు మళ్లీ చుర్రుమంది. ఈవిడకి సంతోషపడటం చేతకాదేమో అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక, గది గుమ్మం మీద కూర్చునే దిమ్మె పోసే రోజు వచ్చింది. అన్నిటికంటే పెద్దది అదే. కర్మాగారం నుంచి పెద్ద అధికారులు, కాంట్రాక్టరు, ఆయన వెనక ఆయన మనుషులు, అందరూ చూడటానికి వచ్చారు. షావుకారు గారు కుర్చీలు వేయించారు, నిమ్మకాయ నీళ్లు ఇప్పించారు. పోత సగం దాటింది. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతోంది, తట్టలు పరుగెడుతున్నాయి. ఆ చప్పుళ్ల మధ్య మేస్త్రి వైబ్రేటర్ పైకి లాగేసి చెయ్యెత్తాడు.

"ఆపండి!"

నాకు ఇప్పటికీ ఆ గొంతు చెవిలో ఉంది. బెదిరిపోయిన గొంతు. తను అన్న మాట తనకే వినపడి ఉలిక్కిపడ్డట్టుంది. మిల్లర్ ఆగింది. తట్టలు ఎత్తినవాళ్లు ఎత్తినట్టే నిలబడ్డారు. కుర్చీలలోని వాళ్లు లేచారు. అంతమంది, అన్ని యంత్రాలు, అంత పెద్ద పని, చొక్కా లేని ఒక మనిషి అరచేతికి ఆగిపోయాయి. ఆ కిరణాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు కూడా నా గుండె అంతగా ఝల్లుమనలేదు.

"ఏంటి బాబాయ్?"

"ఏదో తగిలిందండి లోపల. మెత్తగా. గుడ్డలాగో, చెప్పులాగో. ఏమో, తగిలిందండి."

ఎవరి చెప్పూ పోలేదు, ఎవరి తువ్వాలూ పోలేదు. కాంట్రాక్టరు గడియారం చూసుకుంటూ, కాంక్రీటు బిగిసిపోతోంది, కానివ్వండి అన్నాడు. మేడం తల అడ్డంగా ఊపారు. పోసినదంతా తోడి తీయాల్సిందే. కాసేపాగితే అది రాయి. తోడి తీసింది మళ్లీ పనికి రాదు, పారేయాల్సిందే. పార, గునపం, చేతులు, ఏది దొరికితే దానితో తోడాం. నేనూ దిగాను. పిడికెడు పిడికెడూ చిదిమి చూశాం. రాడ్ల కింద, మూలల్లో, అడుగున నేల కనపడేదాకా చూశాం.

ఏమీ లేదు.

మేస్త్రి అడుగున మోకాళ్ల మీద కూర్చుని ఇంకా వెతుకుతున్నాడు. చివరికి లేచి, "లేదండి. నా భ్రమేనండి," అన్నాడు. అధికారుల్లో ఎవరో చిన్నగా నవ్వారు. మేస్త్రి మొహంలో రక్తం లేదు. గుల్ల దిమ్మె రోజున కూడా ఆయన్ని అలా చూడలేదు. ఆ రోజు చెయ్యి తప్పలేదని ఆయనకి తెలుసు. ఈ రోజు తప్పిందని ఆయనే అన్నాడు, అందరి ముందూ. పోసిన పోతంతా బురదగా కుప్పపడి ఉంది, దానికి కారణం తనొక్కడే.

మేడం అచ్చు దగ్గరికి నడిచారు. హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించారు.

"చాలా థాంక్సండీ మేస్త్రిగారు."

ఆయనకి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"లోపల ఏమీ లేదండి," అన్నాడు మళ్లీ.

"ఉందో లేదో ఎవరికీ తెలియనప్పుడు ఆపారు కదండీ. ఈ పనిలో నేనడిగింది అదొక్కటే," అన్నారావిడ. తర్వాత, "మళ్లీ అట్లా అనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగారు.

మేస్త్రి ఆవిడ వైపు చూడలేదు. షావుకారు గారి వైపు చూశాడు. యార్డులో ఉన్న మేమందరం అటే చూశాం. తోడటానికి దిగిన ఆయన ఇంకా అచ్చులోనే ఉన్నారు, చేతిలో పార, మోకాళ్ల దాకా బురద. కాసేపు ఆయాసపడ్డారు.

"ఆపుతాడండి," అన్నారు. మేస్త్రి వైపు తిరిగి, "ఆపాలి. నేను అడ్డం వచ్చినా ఆపాలి మేస్త్రీ," అన్నారు.

మేస్త్రి తల ఊపాడు. నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి, అటు తిరిగి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. మేం ఎవరం ఆయన్ని పిలవలేదు.